సి గ్రూపు ఎవరిది?

బడులు తెరిచిన కొన్నాళ్ళకు మన ప్రాథమిక పాఠశాలల్లో బేస్‌లైన్ పరీక్ష జరుగుతుంది. పిల్లలను ఒక్కొక్కరిగా పిలిచి అక్షరాలు, పదాలు, ఒక చిన్న పేరా, ఒక కథ చదివిస్తాం. అంకెలు గుర్తుపట్టమంటాం, తీసివేతలు, భాగహారాలు చేయిస్తాం. తర్వాత పేర్లను జాబితాలుగా రాస్తాం. కొన్నిచోట్ల ఎ, బి, సి గ్రూపులంటారు. కొన్నిచోట్ల అక్షరం స్థాయి, పదం స్థాయి, పేరా స్థాయి అంటారు. పేరు ఏదైనా ఏజెన్సీ బడుల్లో చివరి జాబితాయే పొడుగ్గా ఉంటుంది. కాంప్లెక్స్ మీటింగులో ఆ జాబితా చూసి అడిగే ప్రశ్న ఒకటే: "సి గ్రూపును బి లోకి ఎప్పుడు తెస్తారు?"

ఈ ప్రశ్న తప్పని నేను అనను. పిల్లలకు చదవడం రావాలి, అందులో రాజీ లేదు. అయితే దానికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. తరగతిలో ఎక్కువమంది సి గ్రూపులో ఉంటే, వెనుకబడింది పిల్లలా, మనం నడుపుతున్న బడా? అంచెలవారీ బోధన అనే పద్ధతిని నమ్మేవాళ్ళు, అమలు చేయమనేవాళ్ళు కూడా ఈ ప్రశ్న దగ్గర ఆగడం లేదు. ఆ పద్ధతి పుట్టిన చోట మాత్రం ఈ ప్రశ్నే మొదటిది.

మూడంచెల మాట ఎక్కడిది

వెనుకబడిన పిల్లలకు మూడంచెల్లో సాయం చేయాలనే ఆలోచన ప్రజారోగ్య రంగం నుంచి బడికి వచ్చింది. అక్కడ మొదటి అంచె ఊరందరికీ: మంచి నీళ్ళు, టీకాలు, దోమల నివారణ. రెండో అంచె, జబ్బు వచ్చే ప్రమాదం ఉన్న కొద్దిమందికి. మూడో అంచె, జబ్బుపడినవాళ్ళకు వైద్యం. అమెరికా బడులు దీన్ని చదువుకూ ప్రవర్తనకూ మలుచుకున్నాయి. మొదటి అంచెలో తరగతి మొత్తానికి మంచి బోధన. అది చాలని వాళ్ళకు రెండో అంచెలో చిన్న గుంపుగా అదనపు సాయం. అదీ చాలని ఒకరిద్దరికి మూడో అంచెలో విడిగా, రోజూ, దగ్గర కూర్చుని చెప్పడం. 2004లో అక్కడి వికలాంగ విద్యార్థుల చట్టాన్ని సవరించినప్పుడు ఈ పద్ధతికి చోటు దొరికింది.

ఈ పద్ధతిని వివరించడానికి ఒక త్రిభుజం గీస్తారు. వందమందిలో సుమారు 80 మందికి మొదటి అంచె సరిపోవాలి, 15 మందికి రెండోది కావాలి, ఓ 5 మందికి మూడోది కావాలి. ఇవి కొలిచి తేల్చిన అంకెలు కావు, ఒక అంచనా. కానీ ఆ అంచనాలో ఒక షరతు ఉంది. మొదటి అంచె ఎక్కువమందికి పనిచేయకపోతే పిల్లలను గ్రూపులు చేయడం ఆపి ముందు మొదటి అంచెను బాగుచేయాలి.

మన బడి లెక్క వేసి చూడండి. తరగతిలో 20 మంది ఉన్నారనుకుందాం. ఆ త్రిభుజం ప్రకారం 16 మంది మామూలు బోధనతోనే ముందుకు పోవాలి. ముగ్గురికి చిన్న గుంపు, ఒకరికి విడి సాయం కావాలి. మన జాబితాలో 14 మంది సి గ్రూపులో ఉంటే ఆ త్రిభుజం తలకిందులుగా ఉన్నట్టు. ఊళ్ళో ఒకరికి విరేచనాలైతే వాళ్ళు ఏం తిన్నారని అడుగుతాం. ఊరంతా పడితే చెలిమెకో బోరుకో పోయి నీళ్ళు చూస్తాం. అప్పుడు ఇంటింటికీ తిరిగి ఎవరి పొట్ట బలహీనమో జాబితా రాయము. బడిలో మనం రాస్తున్నది ఆ జాబితానే.

తప్పు అని కొట్టేసిన మాటలు

ఏజెన్సీ బడిలో మొదటి అంచె ఎక్కడ చెడింది? ఉపాధ్యాయుల కొరత, ఒకే టీచరు అయిదు తరగతులు చూడటం, వానాకాలంలో వాగులు దాటలేకపోవడం, అన్నీ నిజమే. వీటి గురించి ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటాం. మాట్లాడనిది భాష గురించి. మైదానంలో తెలుగు ఇంటి పిల్ల ఒకటో తరగతికి వచ్చేసరికి బడి భాష ఆమెకు వచ్చే ఉంటుంది. ఆమె నేర్చుకోవలసింది అక్షరం. కోయ, గోండు, కొలాం, సవర, కువి ఇళ్ళ పిల్లలు అక్షరాన్నీ భాషనూ ఒకేసారి నేర్చుకోవాలి. రెండు బరువులు మోసే పిల్లను ఒక బరువు మోసే పిల్ల పక్కన నిలబెట్టి ఎవరు ముందు పోతారో చూస్తే, అది చదువును కొలిచినట్టు కాదు.

'ఏరు' అనే చిన్న పదం తీసుకోండి. తెలుగులో ఏరు అంటే పారే వాగు. కోయలో ఏరు అంటే నీళ్ళు. బొమ్మలో చెంబు చూసి కోయ పిల్ల "ఏరు" అంటే తప్పు గుర్తు పడుతుంది. 'మర్రి' అంటే తెలుగులో చెట్టు, కోయలోనూ గోండిలోనూ కొడుకు. 'లోను' అంటే కోయలో ఇల్లు, తెలుగు చెవికి అది 'లోన' అన్నట్టు వినిపిస్తుంది. ఈ పిల్లలకు మాటలు రాక కాదు. వచ్చిన మాట బడిలో చెల్లడం లేదు.

వ్యాకరణం ఇంకా లోతైనది. "అక్కలు వచ్చినయి" అని రాసిన పిల్లకు ఎర్రసిరాతో సున్నా చుట్టడం మనకు అలవాటు. ఆ వాక్యం ఎందుకు అలా వచ్చిందో చూద్దాం. తెలుగులో ఏకవచనంలో "అక్క వచ్చింది, ఆవు వచ్చింది" అని ఆడవాళ్ళకూ పశువులకూ ఒకే క్రియ వాడతాం. బహువచనంలో మాత్రం "అక్కలు వచ్చారు, ఆవులు వచ్చాయి" అని విడదీస్తాం. కోయలో, గోండిలో ఆ విడదీత లేదు. మగవాళ్ళు ఒకవైపు, మిగతా అంతా ఒకవైపు, ఏకవచనమైనా బహువచనమైనా అంతే. పిల్ల తన భాష సూత్రాన్ని క్రమం తప్పకుండా తెలుగుకు వర్తింపజేసింది. అది తెలివి తక్కువతనం కాదు, సూత్రం పట్టగలిగిన తెలివి. ఈ సంగతి తెలిసిన టీచరు రెండు వాక్యాలు పక్కపక్కన రాసి పదినిమిషాల్లో తేడా చెప్పగలరు. తెలియని టీచరు ఆ పిల్లను సి గ్రూపులో రాసి అవే అక్షరాలను మళ్ళీ దిద్దిస్తారు.

బేస్‌లైన్ పరీక్ష ఈ తేడాలను పట్టుకోలేదు. పేరా చదవలేని ముగ్గురు పిల్లలు ఉన్నారనుకోండి. ఒకరికి అక్షరాలే రావు. ఇంకొకరికి అక్షరాలు వచ్చు, చదివిన మాటకు అర్థం తెలియదు. మూడో పిల్లకు కళ్ళు సరిగా కనిపించవు. ముగ్గురికీ ఒకే గడిలో టిక్కు పడుతుంది. ముగ్గురికీ ఒకే రెమిడియల్ క్లాసు, ఒకే వర్క్‌బుక్కు. ఒక్క పిల్లకైనా కావలసింది దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది.

పరీక్ష భాష పిల్లలను ఎంత దెబ్బతీస్తుందో ఇతర దేశాల్లో కోర్టులే చెప్పాయి. కాలిఫోర్నియాలో స్పానిష్ మాట్లాడే పిల్లలను ఇంగ్లీషులో పరీక్షించి మందబుద్ధుల తరగతిలో కూర్చోబెట్టారు. 1970లో డయానా కేసుగా పేరుపడిన దావాలో ఆ పిల్లలను వాళ్ళ భాషలో మళ్ళీ పరీక్షిస్తే ఎక్కువమంది ఆ తరగతిలో ఉండవలసినవాళ్ళే కాదని తేలింది. ఇంటి భాషలో పరీక్షించాలని ఒప్పందం కుదిరింది. సరైన బోధన అందకపోవడం వల్లనో, ఇంగ్లీషు రాకపోవడం వల్లనో వెనుకబడిన పిల్లను వికలాంగురాలిగా నిర్ణయించకూడదని పైన చెప్పిన అమెరికా చట్టంలోనే ఉంది. మనం అంచెలను తెచ్చుకున్నాం గాని ఈ జాగ్రత్తను తెచ్చుకోలేదు.

స్థాయిలవారీ బోధనలో ఉన్న మంచి

విమర్శ న్యాయంగా ఉండాలంటే ఈ పద్ధతి సాధించింది కూడా చెప్పాలి. అక్షరం, పదం, పేరా, కథ అనే మెట్లు మనకు ప్రథమ్ సంస్థ ద్వారా, 2005 నుంచి వస్తున్న అసర్ సర్వే ద్వారా పరిచయమయ్యాయి. తరగతిని బట్టి కాక వచ్చినదాన్ని బట్టి పిల్లలను కూర్చోబెట్టడం వల్ల లాభం ఉందని పరిశోధనల్లో తేలింది. ముంబై, వడోదరలో 2001 నుంచి 2003 వరకు జరిగిన బాలసఖి కార్యక్రమం వాటిలో పేరున్నది. దాన్ని పరిశీలించినవాళ్ళలో 2019లో నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఉన్నారు. ఆ కార్యక్రమంలో మూడు, నాలుగు తరగతుల్లో బాగా వెనుకబడిన పిల్లలను రోజుకు రెండు గంటలపాటు విడిగా కూర్చోబెట్టి చెప్పారు. ఎక్కువ లాభం పొందింది అట్టడుగున ఉన్న పిల్లలే.

కానీ ఆ పిల్లలకు చెప్పింది ఎవరు? అదే ప్రాంతానికి చెందిన చదువుకున్న యువతులు. పిల్లల ఇళ్ళు, మాటలు తెలిసినవాళ్ళు. మనం అక్కడి నుంచి స్థాయిలు తీసుకున్నాం, చార్టులు తీసుకున్నాం, ఆ యువతిని తీసుకోలేదు. మన గూడెంలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న చెల్లెలు, తమ్ముడు ఎంతమంది లేరు?

2021 జులైలో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. 2026–27 నాటికి మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లకూ చదవడం, లెక్కలు రావాలన్నది లక్ష్యం. 2022లో తెలంగాణలో తొలిమెట్టు వచ్చింది. లక్ష్యాలు మంచివే. అదే 2022–23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం కూడా మొదలైంది. పాఠ్యపుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. మన పిల్ల భాషకు మూడో పేజీ లేదు. ఆమె ఒక పరాయి భాష నుంచి ఇంకో పరాయి భాషలోకి అర్థం వెతుక్కోవాలి. వెతుక్కోలేకపోతే ఆమె పేరు పక్కన సి.

మన నేల మీద చేసి చూసిందే

మాతృభాషలో మొదలుపెట్టడం కొత్త మాట కాదు, మన నేలకు పరాయిదీ కాదు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసి గిడుగు రామమూర్తి పంతులు ఫొటోకు దండ వేస్తాం. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం గురించి పిల్లలు ఉపన్యాసాలు చదువుతారు. పర్లాకిమిడిలో ఉండగా ఆయన సవర భాష నేర్చుకుని, సవర వాచకాలు రాసి, సవర పిల్లలకు సవరలోనే బడులు పెట్టించిన సంగతి ఆ ఉపన్యాసాల్లో తక్కువగా వినిపిస్తుంది. పిల్లకు తెలిసిన భాషలో చదువు చెప్పాలన్న ఆయన మాట తెలుగు పిల్లకు ఎంత వర్తిస్తుందో సవర పిల్లకూ అంతే వర్తిస్తుంది.

1940 జోడేఘాట్ పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను ఆదిలాబాద్ గోండుల మధ్యకు పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణా కేంద్రం మొదలైంది. గోండిలో వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. గూడెం యువకుడే గూడెం పిల్లలకు వాళ్ళ మాటలో మొదటి చదువు చెప్పాలన్నది ఆ పథకం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003–04 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారుచేసి బహుభాషా బోధన మొదలుపెట్టారు. ఇంటి భాషలో మొదలై మెల్లగా తెలుగులోకి పోయే వంతెన అది.

రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించమంటుంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంతవరకు పిల్ల మాతృభాషలోనే బోధన ఉండాలంటుంది. చట్టం ఉంది, అనుభవం ఉంది, వాచకాలూ తయారై ఉన్నాయి. నిలకడ లేదు. పథకం మారినప్పుడల్లా పుస్తకాలు బీరువాలోకి పోతాయి.

భాష తెలిసిన టీచరు సంగతీ అంతే. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. దాన్ని మనం ఉద్యోగాల సమస్యగానే చర్చించాం. అది పిల్లల సమస్య కూడా. పిల్ల మాట అర్థమయ్యే టీచరు ఉండటం మొదటి అంచెలో మొదటి వస్తువు. రేపు ఈ విషయంలో కొత్త చట్టమో ఉత్తర్వో అడిగేటప్పుడు మన యువత ఈ వాదనను ముందు పెట్టాలి.

ప్రవర్తన పేరుతో

అంచెల పద్ధతికి రెండో చెయ్యి ప్రవర్తన. బడికి సరిగా రాడు, మాట్లాడడు, హాస్టల్ నుంచి పారిపోతాడు. ఈ మూడు మాటలూ మన పిల్లల గురించి రిజిస్టర్లలో, మీటింగుల్లో తరచు వినిపిస్తాయి. ప్రవర్తన గురించి ఈ పద్ధతి చెప్పే మంచి సూత్రం ఒకటుంది: పిల్ల చేసిన పనికి ముందు ఏం జరిగింది, దాని వల్ల పిల్లకు ఏం దక్కింది, ఈ రెండూ చూసిన తర్వాతే పేరు పెట్టాలి. ఆ సూత్రాన్ని మన బడిలో పెట్టి చూద్దాం.

మాట్లాడడు. ముందు ఏం జరిగింది? అడిగిన ప్రశ్న అర్థం కాలేదు, లేదా నిన్న చెప్పిన జవాబుకు తరగతంతా నవ్వింది. మౌనం వల్ల ఏం దక్కింది? నవ్వు తప్పింది. ఆ మౌనం పిల్ల తనను తాను కాపాడుకోవడం.

సరిగా రాడు. ఎప్పుడు? మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారకముందే ఇల్లంతా అడవికి పోతుంది. మిర్చి ఏరే కాలంలో తల్లిదండ్రులు వలస పోతే వెంట పోక తప్పదు. కొత్తల పండుగ, దండారి, నాగోబా, మేడారం, మన పండుగలు బడి క్యాలెండరుతో సరిపడవు. సంక్రాంతికి సెలవుంటే అది క్రమశిక్షణ, కొత్తలకు ఆగిపోతే అది గైర్హాజరు. ఊరి కాలాన్ని ముందే తెలుసుకున్న బడి ఆ వారాల్లో కొత్త పాఠం మొదలుపెట్టకుండా ఉండగలదు.

పారిపోతాడు. ఆరేడేళ్ళ పిల్లను తల్లి నుంచి విడదీసి ఆశ్రమ పాఠశాలలో వేస్తాం. అక్కడ ఆమె భాషలో పలకరించే పెద్దమనిషి ఒక్కరైనా లేకపోతే ఆ పిల్ల ఇంటిదారి పట్టడంలో వింత లేదు. అమెరికా బడుల్లో రెండో అంచెలో వాడే ఒక పద్ధతి చాలా తేలికైనది. పిల్ల పొద్దున రాగానే ఒక పెద్దమనిషి పలకరిస్తారు, సాయంత్రం పోయేముందు ఈ రోజు ఎలా గడిచిందని అడుగుతారు. దీనికి డబ్బు ఖర్చు లేదు. మన ఆశ్రమ పాఠశాలలో ఆ పలకరింపు పిల్ల భాషలో ఉండాలి, అంతే తేడా. వంటమనిషో ఆయమ్మో ఆ పని ఇప్పటికే చేస్తున్న చోట్లు ఉన్నాయి, దాన్ని ఎవరూ చదువులో భాగంగా లెక్కించరు.

కొట్టడం, అవమానించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. 'వీడు సి గ్రూపు' అని అందరిముందు పిలవడం కూడా అవమానమేనని ఇక్కడ గుర్తు చేస్తున్నాను.

నిజంగా సాయం కావలసిన పిల్ల

అందరినీ వెనుకబడినవాళ్ళుగా రాయడం వల్ల ఇంకో నష్టం ఉంది, అది కంటికి కనిపించదు. 14 మంది ఉన్న జాబితాలో నిజంగా మూడో అంచె కావలసిన పిల్ల దాగిపోతుంది. చెవిలో చీము కారి సగం వినిపించని పిల్ల, బోర్డు కనిపించని పిల్ల, అక్షరాలు ఎంత దిద్దినా తారుమారయ్యే పిల్ల. మన జాతుల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. కీళ్ళనొప్పులతో, రక్తహీనతతో తరగతిలో తల వాల్చే పిల్లను సోమరి అంటాం. సికిల్ సెల్ నిర్మూలనకు 2023 జులైలో జాతీయ కార్యక్రమం మొదలైంది, పరీక్షలు చేస్తున్నారు. ఆ పరీక్ష ఫలితం బడికి చేరాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ కూడా ఉంది, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులూ ఉన్నాయి. ఆ హక్కులు పొందవలసిన పిల్లను మనం భాష రాని పిల్లల మధ్య కలిపేసి పోగొట్టుకుంటున్నాం. అందుకే నేను అంచెలు వద్దనడం లేదు. మొదటి అంచె బాగుపడితేనే మూడో అంచె పిల్ల కంటికి కనిపిస్తుంది.

ఈ చర్చ ఇప్పుడే ఎందుకంటే, 2019లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి అయిదు, ఎనిమిది తరగతుల్లో పిల్లలను నిలిపివేసే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చారు. ఆ అధికారం వాడిన రోజున ఈ రోజు మనం రాస్తున్న సి జాబితాయే ఫెయిలైనవాళ్ళ జాబితా అవుతుంది. అయిదో తరగతిలో ఆగిన మన పిల్ల, ముఖ్యంగా ఆడపిల్ల, మళ్ళీ బడికి వస్తుందని ఎంతమంది నమ్మకంగా చెప్పగలరు?

రేపటి నుంచి చేయగలిగినవి

పెద్ద మార్పులు ప్రభుత్వం చేయాలి. మన చేతిలో ఉన్నవి కూడా కొన్ని ఉన్నాయి.

బేస్‌లైన్ రెండుసార్లు చేయండి. ఒకసారి తెలుగులో చదివించండి. ఇంకోసారి పిల్ల భాషలో కథ చెప్పించండి, లెక్క అడగండి. గోండిలో ఉండి, రండ్, మూండ్ అని తప్పు లేకుండా లెక్కపెట్టే పిల్లకు సంఖ్యాజ్ఞానం ఉంది, తెలుగు పేర్లు కావాలి. జాబితాలో ఆ రెండో ఫలితానికి ఒక గడి గీయండి. ఆ గడి ఫారంలో లేకపోతే మార్జిన్లో రాయండి.

మీకు పిల్లల భాష రాకపోతే ఊరివాళ్ళను అడిగి వంద మాటలు రాసుకోండి. ఏరు, లోను, మర్రి లాంటి చిక్కు మాటలు ముందు. తప్పుల్లో ఏవి అందరూ చేస్తున్నారో చూడండి. ఒకరు చేస్తే ఆ పిల్ల సంగతి, అందరూ చేస్తే అది భాష సంగతి.

యువతకు ఒక మాట. మీ గూడెం బడిలో వారానికి రెండు సాయంత్రాలు కథ చెప్పండి, మన భాషలో. ఊరి పండుగలు, పంటలు, వలసల కాలం ఒక క్యాలెండరుగా రాసి హెడ్మాస్టరుకు ఇవ్వండి. గ్రామసభలో, పాఠశాల కమిటీలో కూర్చుని సి గ్రూపులో ఎంతమంది ఉన్నారని అడగండి. సగంకన్నా ఎక్కువ ఉన్నారంటే, పిల్లలకు ఏం చేస్తారని కాక, మొదటి బోధనలో ఏం మారుస్తారని అడగండి. ఆ జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.